ఎవరి ఊరి ఎండ గొప్పది?

తణుకు గురించి బయటివారికి చెప్పవలసి వస్తే అక్కడివారు మూడు సంగతులతో మొదలుపెడతారు. ఆదికవి నన్నయ ఇక్కడ యజ్ఞం చేశాడని తరతరాలుగా చెప్పుకొనే మాట ఒకటి. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ గారు స్థాపించిన ఆంధ్రా షుగర్స్ ఒకటి. ప్రక్కనున్న మండపాకలో పుట్టిన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ పేరు మరొకటి. నాలుగవ సంగతి ఉన్నది కాని దానిని ఎవరూ నోటితో చెప్పరు. నిడదవోలులో మెయిన్ లైను వదలి భీమవరం వైపు తిరిగే బండిలో మే నెలలో వచ్చి తణుకు స్టేషనులో దిగినవారికి అది తనంతట తానే తెలుస్తుంది. అదే ఉక్క.

ఎండ వేరు, ఉక్క వేరు. ఎండకు గొడుగున్నది, చెట్టున్నది, పెంకుటిల్లున్నది. ఉక్కకు ఇవేవీ అడ్డు కావు. అర్ధరాత్రి అరుగుమీద చాప వేసుకొని పడుకొన్నా అది ప్రక్కనే పడుకొంటుంది. విసనకర్ర విసిరితే విసిరినంతసేపే సుఖం, విసిరిన చేతికి మళ్ళీ చెమట.

2023 మే నెలలో యౌవనస్థుల కూడికల పనిమీద తణుకులో నాలుగు రోజులు ఉండవలసి వచ్చింది. దాళ్వా పంట ఒబ్బిడి అయిపోయింది. ఏటా ఈ రోజులలో మరమ్మతులకు కాలువలు కట్టివేస్తారు గనుక కాలువలన్నీ అడుగు తేలి, తూడు ఎండి, అక్కడక్కడ మడుగులుగా ఉన్నాయి. కోసిన చేలలో మోళ్ళు, గట్ల మీద గడ్డి మేట్లు, వాటి మీదుగా తెల్లని ఎండ. ఊరి నుండి తిన్నగా దక్షిణంగా గీత గీస్తే సముద్రం నలభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. ఆ గాలి సాయంకాలానికి ఇక్కడి దాకా వస్తే ఊరు బ్రతికినట్లే. పడమటి గాలి బలంగా ఉన్ననాడు అది రాలేదు. రాని రోజున తణుకులో ఆకు కదలదు.

ఆ సెలవులలో కాలేజీ కుర్రవాళ్ళ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. చదువుల కోసం ఊళ్ళు పట్టిపోయిన పిల్లలు సెలవులకు ఇళ్ళకు వచ్చినప్పుడు కూడబలుక్కొని పెట్టుకొన్న పోటీలవి. పెద్ద పేరున్నవి కావు. తమతో చదివే అనంతపురం పిల్లలను కూడ ఒక జట్టుగా పిలుచుకొన్నారు. మా కూడికలకు వచ్చే కుర్రవాళ్ళలో నలుగురు తణుకు జట్టులో ఉన్నారు గనుక మేమూ వెళ్ళక తప్పలేదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర మూగే జనంతో పోలిస్తే ఈ జనం ఎంతో తక్కువ. అయినా పిల్లల జేబులు ఖాళీ కాని ఆట ఇది, నాకు ఇదే నచ్చుతుంది.

ఆట మధ్యాహ్నం మూడున్నరకు పెట్టారు. ముఖ్య అతిథిగారికి సాయంకాలం ఇంకొక సభ ఉన్నదట. మన ఊళ్ళలో సూర్యుడు కూడ ముఖ్య అతిథిగారి వీలు చూసుకొని నడవాలి!

మూడు గంటలకే రావిచెట్టు క్రింద కుర్చీలు, బెంచీలు నిండాయి. ఆట మొదలయ్యేలోగా అక్కడ ఇంకొక ఆట మొదలైంది. అనంతపురం జట్టులోని ఒక అబ్బాయి తండ్రి పిల్లలతో కలిసి వచ్చాడు. చేతిలో తువ్వాలు కూడ లేకుండా హాయిగా కూర్చొని ఉన్నాడు.

“ఏంది సార్, ఎండ ఎండ అని అందరూ ఇట్లా అయిపోతావుండారు? చుట్టూ కొబ్బరిచెట్లు, పచ్చని ఊరు. ఇది ఎండంటారా? మా పక్క రాండి ఒక తూరి. బండమీద గుడ్డు పగలగొడితే అట్టే ఉడికిపోతాది” అన్నాడు.

రిటైరయిన మాస్టారు ఒకాయన విసనకర్ర ఆపి అందుకొన్నారు. “ఆయ్, కాదన్నానేంటండీ! మీ ఎండ పెనమండీ. మాది ఆవిరికుడుము పాత్రండీ. పెనం మీద రొట్టె ఎలా ఉంటుందో చూసేవాడికి కనపడుతుందండి. పాత్ర మూత తీస్తేగాని కుడుం సంగతి తెలీదండి మరి.”

అందరూ నవ్వారు. విశాఖపట్నం నుండి అత్తవారింటికి వచ్చిన అల్లుడుగారు ఊరుకోలేదు. “ఏటండీ బాబూ, మీకు ఎండ తప్ప ఏటీ లేదేటి? మాకు సముద్రం వీధి చివరే ఉంటాది. అయిదయితే చాలు, గాలి చొక్కా ఎగరేసుకుపోద్ది.” “గాలే కాదండి, తుఫానొస్తే పైకప్పు కూడా ఎగరేసుకుపోద్దండి” అని వెనుకబెంచీ నుండి ఎవరో అన్నారు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు అక్కడివారికి ఇంకా మరపు రాలేదు. అల్లుడుగారు కూడ నవ్వేశారు. అత్తవారి ఊరిలో అంతకంటె ఏం చేస్తారు?

మాచర్ల వైపు నుండి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఒకాయన రెంటచింతల పేరెత్తాడు. వేసవి వచ్చిందంటే రేడియోలోను, దినపత్రికలలోను ఆ పేరు వినబడని రోజుండేది కాదు. “రాష్ట్రానికంతటికీ మొదటి ర్యాంకు మాదేనండి, మీరంతా సప్లిమెంటరీ” అన్నాడు. ఇక మాటలు వర్షాల మీదికి వెళ్ళాయి. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ డెల్టాలో వెయ్యికి పైన. “మీకు పడింది మాకు పంపండి సార్, మేమూ మూడు పూటలా అన్నం తింటాం” అన్నాడు ఆ తండ్రి. “పంపిస్తామండి, దాంతోపాటు 1986 వరదా, 1996 తుఫానూ కూడా పంపిస్తాం, బుట్టలో పెట్టి” అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు గాని, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరితోటలు ఎలా పడుకొన్నాయో చూసినవారు ఆ బెంచీల మీద ఇంకా ఉన్నారు. కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత గోలీసోడాలు వచ్చాయి, మళ్ళీ సందడి.

ఇలాంటి మాటలు ప్రతి ఊళ్ళోనూ వినబడేవే. మనిషికి తన ఊరి కష్టం మీద కూడ ఒక గర్వం ఉంటుంది. “రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి” అని చెప్పేటప్పుడు మన పెద్దల ముఖంలో బాధ కంటె గొప్పే ఎక్కువగా కనబడుతుంది. అయితే మాస్టారు చెప్పిన పెనం, కుడుముల సంగతిలో వేళాకోళం కంటె ఎక్కువే ఉన్నదని నాకు తోచింది.

మట్టికుండ సంగతి చూడండి. కుండ చెమ్మగిల్లి, ఆ చెమ్మ గాలికి ఆరిపోతూ లోపలి నీటి వేడిని లాగివేస్తుంది. పొడిగాలి వీచే అనంతపురంలో కుండనీళ్ళు పళ్ళు జివ్వుమనేలా చల్లబడతాయి. తణుకులో అదే కుండ, అదే ఇసుక, అయినా నీళ్ళు ఏదో చల్లబడ్డాయనిపిస్తాయి, అంతే. గాలిలో అప్పటికే తడి ఉంటే కుండ మీది చెమ్మ ఎక్కడికి పోతుంది? మనలను మంటి ఘటములని అపొస్తలుడు మరో అర్థంలో పిలిచాడు గాని, ఎండాకాలంలో ఆ మాట అక్షరాలా నిజమే. మన దేహం కూడ కుండవలెనే చెమ్మగిల్లి చల్లబడుతుంది. చెమట ఆరితేనే చలవ. ఆరక కారిపోయిన చెమట వల్ల ఒంట్లోని నీరు, ఉప్పు పోవడం తప్ప లాభం లేదు.

దీనిని కొలవడానికి శాస్త్రజ్ఞులు థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూస్తారు. 45 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 15 శాతం ఉంటే తడిగుడ్డ కొలత సుమారు 24 దగ్గర ఆగుతుంది. 38 డిగ్రీలే ఉండి తేమ 55 శాతం ఉంటే అది 30 దాకా ఎక్కుతుంది. పేపరులో 45 వేసిన ఊరికి పేరు వస్తుంది. 38 వేసిన ఊళ్ళో పరుగెత్తేవాడికి ప్రాణం మీదికి వస్తుంది. ఫుట్‌బాల్ ప్రపంచం కూడ దీనిని ఆలస్యంగానే గుర్తించింది. 2014 ప్రపంచకప్‌లో, బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో నెదర్లాండ్స్, మెక్సికో జట్లు ఆడుతుండగా నీళ్ళు త్రాగడానికని ఆటను ఆపారు. ఎండను, తేమను, గాలిని కలిపి కొలిచే లెక్కలో 32 డిగ్రీలు దాటితే అలా ఆపవచ్చునన్న ఏర్పాటు అప్పుడు ఉన్నది. 2022లో కతార్‌లో జరిగిన పోటీలనైతే ఎండలకు జడిసి ఏకంగా నవంబరు, డిసెంబరు నెలలకు మార్చారు.

ఇక్కడి తేమకు సముద్రం ఒక కారణమైతే నేలమీది నీరు మరొకటి. 1832, 33 సంవత్సరాలలో కరువుతో అల్లాడిన నేల ఇది. బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో ఇండియాకు వచ్చి నర్సాపురంలో సువార్తపని మొదలుపెట్టేనాటికి ఈ పొలాలకు నమ్మకమైన నీరు లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలు వచ్చాయి, సార్వా వచ్చింది, దాళ్వా వచ్చింది, మన కాలంలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాయి. అన్నం పెట్టిన ఆ నీరే ఆవిరై గాలిలో నిలిచి ఉక్క పెంచుతున్నది. కాటన్ దొర విగ్రహానికి దండవేసే ఊళ్ళలో ఆ నీటిని తప్పుపట్టేవారెవరూ ఉండరు. నేనూ పట్టను.

ఆట మొదలైంది. అనంతపురం పిల్లలు బాగా ఆడతారు. మిషనరీగా మన దేశానికి వచ్చి, తరువాత అనంతపురంలోనే స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వేసిన మైదానాల పుణ్యమా అని ఆ జిల్లా పల్లెలలో కూడ ఫుట్‌బాల్ బాగా పాకింది. మొదటి అర్ధభాగంలోనే ఒక గోలు కొట్టారు. మన పిల్లలు మధ్యమధ్య గీత ప్రక్కకు వచ్చి మజ్జిగ త్రాగి వెళుతున్నారు. అతిథులు అలా రాలేదు. 42 డిగ్రీలు చూసిన మాకు ఇదొక లెక్కా అన్నట్లు పరుగెత్తారు. అలవాటు లేని వాతావరణానికి ఒళ్ళు సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని వైద్యులు చెబుతారు. వాళ్ళు దిగి రెండు రోజులయింది.

రెండవ అర్ధభాగం నడుస్తుండగా వాళ్ళలో ఒక అబ్బాయి బంతి తీసుకొని తన గోలు వైపుకే పరుగెత్తాడు. జనం గొల్లుమన్నారు. “ఆయ్, మాకే వేసేస్తున్నాడండోయ్!” అని ఈలలు. అతడు బంతిని వదిలి, నిలబడి, చుట్టూ చూసి, మళ్ళీ ఎటో రెండడుగులు తూలాడు. ఇంకా నవ్వులే.

మైదానం అంచున తాటాకు గొడుగు క్రింద ముంజలు అమ్ముతున్న ఒక ఆవిడ లేచి నిలబడింది. “నవ్వుతారేంటండీ! ఆ బాబుకి వడదెబ్బ కొట్టేసిందండి. పట్టుకోండయ్యా, పడిపోతాడు” అని గట్టిగా కేకవేసింది. ఎవరూ కదలక ముందే ఆమె ముంజలు తడిపి ఉంచుకొన్న గోనెగుడ్డ తీసుకొని లోపలికి పరుగెత్తింది. ఆమె చేరేసరికి అబ్బాయి పడనే పడ్డాడు.

నలుగురు కలిసి చెట్టు క్రిందికి తెచ్చారు. ఒళ్ళు పెనంలా ఉన్నది. పేరడిగితే పొంతన లేని జవాబు. చొక్కా, బూట్లు తీశారు. బోరింగు నీళ్ళు కుండలతో గుమ్మరించారు. సోడాకొట్టు నుండి ఐసు తెచ్చి మెడ దగ్గర, చంకలలో పెట్టారు. అంతవరకు ఎండల గొప్ప చెప్పుకొన్న పెద్దలందరూ విసనకర్రలు పట్టుకొని చుట్టూ కూర్చొని విసిరారు. ఒకాయన సోడా నోట్లో పోయబోతే ఆ ఆవిడే చేయి పట్టి ఆపింది. తెలివి సరిగా లేనివాడి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. 108కి ఫోను చేశారు. బండి వచ్చేసరికి అబ్బాయి కళ్ళు తెరచి తండ్రిని గుర్తుపట్టాడు. ఆ తండ్రి అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు పాదాలు రెండూ పట్టుకొని కూర్చున్నాడు.

వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాక ఆ ఆవిడ దగ్గరకు వెళ్ళి ఎలా గుర్తుపట్టావమ్మా అని అడిగాను. దాళ్వా కోతలలో కూలికి వెళుతుందట, కోతలయ్యాక ముంజల బేరం.

“చూడగానే తెలిసిపోయిందండి. మా మరిది ఇలాగే తూలాడండి, పదిహేనో సంవత్సరం ఎండల్లో. గడ్డిమేటు వేస్తన్నాడండి. తాగి వచ్చాడనుకున్నారండి అందరూ. నవ్వారండి. చెట్టు కింద పడుకోబెట్టి వదిలేశారండి, దిగిపోద్దిలే అని.” అంతే చెప్పి ముంజలు చెక్కడం మొదలుపెట్టింది. నేను కొన్నవాటికి డబ్బు తీసుకొన్నది, పైన రెండు ముంజలు వేసింది.

2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో చాలామంది ఆరుబయట కష్టం చేసుకొనేవారు, వృద్ధులు. ఆ వేసవిలో పేపర్లన్నీ ఊరూరి డిగ్రీలు వేశాయి. గట్టు మీద తూలినవాడు త్రాగలేదని, అతనికి ఎండ తగిలిందని ఆ డిగ్రీలు ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి కూడికలో ఏ భాగం చదవాలో ముందే నిర్ణయమై ఉన్నది గాని నేను లూకా పన్నెండవ అధ్యాయం తీయమన్నాను. పడమట మబ్బు లేస్తే వాన వస్తుందని, దక్షిణపు గాలి విసిరితే వడగాలి కొడుతుందని చెప్పగలిగినవారితో ప్రభువు మాట్లాడే చోటు అది. మన కుర్రవాళ్ళు వెంటనే పట్టుకొన్నారు. “అదేంటండి, దక్షిణపు గాలికోసం మేం చచ్చిపోతుంటే!” అన్నాడు ఒకడు. పాలస్తీనాకు సముద్రం పడమట, ఎడారి దక్షిణాన. మనకు సముద్రం దక్షిణాన, నిప్పులు చెరిగే గాలి పడమటి నుండి. దిక్కులు మార్చుకొంటే ఆ మాటలు తణుకు రావిచెట్టు క్రింద చెప్పినట్లే ఉన్నాయి. గాలిని గుర్తుపట్టగలరు, ఈ కాలాన్ని ఎందుకు గుర్తుపట్టరని ఆయన అడిగిన ప్రశ్న దగ్గర ఆగాము. గోలు వైపు తప్పుగా పరుగెత్తినవాడిని చూసి ఈలవేసిన పిల్లలు ఇద్దరు అక్కడే ఉన్నారు, తలలు వంచుకొని. నేనేమీ అనలేదు. రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో కోతకాలంలో చేనికి వెళ్ళి, తల పట్టుకొని తండ్రికి మొరపెట్టుకొన్న షూనేము పిల్లవాడి కథ వాళ్ళే తీసి చదివారు. ఆ పిల్లవాడిని ఇంటికి మోసుకొని వెళ్ళింది ఒక పనివాడు. ఆ పనివాడి పేరు గ్రంథంలో లేదు.

మరునాడు పోటీల పెద్దలు కూర్చొని ఆటలన్నీ సాయంకాలం అయిదున్నరకు మార్చారు. ఒక్కొక్క అర్ధభాగంలో ఒకసారి ఆట ఆపి అందరూ గొడుగు క్రిందికి రావాలని కట్టడి చేశారు. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపిన బిందె ఒకటి, మజ్జిగ బిందె ఒకటి గీత దగ్గర పెట్టారు. ముఖ్య అతిథిగారికి ఆ వేళ కుదరలేదు. ఆట ఆయన లేకుండానే జరిగింది, బాగానే జరిగింది.

ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకొని అబ్బాయిని పంపించారు. రెండు వారాలు పరుగులు వద్దన్నారు. అతడు రావిచెట్టు క్రింద తండ్రి ప్రక్కన కూర్చొని ఆట చూశాడు. తండ్రి భుజం మీద ఈసారి తడి తువ్వాలు ఉన్నది. మాస్టారు తన విసనకర్ర ఆ అబ్బాయి చేతికిచ్చి, “ఏవండీ, మా కుడుం పాత్ర ఎలా ఉందండి?” అని తండ్రిని అడిగారు.

“మూత తీసి చూసినాం సార్” అన్నాడు ఆయన. “మీదే గొప్ప. మాకొద్దు ఆ ర్యాంకు.”

ఆరు దాటాక దక్షిణం నుండి గాలి వచ్చింది. రావి ఆకులు ఒక్కసారిగా కదిలాయి. బెంచీల మీదివారందరూ మాటలాపి మెడలు పైకెత్తారు. ముంజలావిడ తాటాకు గొడుగు దించి, బుట్ట సర్దుకొంటున్నది.